చలికాలం తడవని కొండ

కొండ అంటుకుందన్న కబురు నాకు మొదట తెచ్చింది ముంబైలో నాగ్‌పాడా మూల మీది హోటల్లో రొట్టెలు కాల్చే వంటాయన. ఉత్తరాన హిమాలయాల కింది వరసలో మా తమ్ముడు ఉండే పల్లే ఆయన సొంతూరు. ఏటా ఊరికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు పంపిన మూట ఏదో ఒకటి మోసుకొచ్చి, వరస గదుల మా చాల్ మెట్లెక్కి నా చేతికిచ్చి, మంచినీళ్లు తాగి వెళ్లేవాడు. అంతకుమించి మా మధ్య రాకపోకలు లేవు. అందుకే ఆ పొద్దున, కుళాయి నీళ్లు పట్టి బిందె దించుకుంటుండగా, ఆయన ఖాళీ చేతులతో, పిండి అంటిన బనియన్ మీదనే పైకి రావడం చూసి బిందె గుమ్మంలోనే వదిలేశాను.

"మౌసీ, కూర్చో" అన్నాడు హిందీలో. నా గదికి వచ్చి నన్నే కూర్చోమన్నాడు.

కూర్చున్నాను.

"మనుషులకేం కాలేదు. ముందు అది విను. నీ తమ్ముడు బాగానే ఉన్నాడు. చేతులు కొంచెం కాలాయట, అంతే. మా ఊరి మీది కొండ కాలిపోయింది."

"ఎట్లా?"

ఆయన గుమ్మం బయటికి, వరండాలోకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. "హోలీ మంట నుంచి అంటున్నారు. మద్రాసీ లేబర్ వెలిగించిన మంటట."

మద్రాసీ అంటే మేమే. అటువైపు వాళ్లకు దక్షిణాది వాళ్లంతా ఒకటే లెక్క. ఆ మాటకు నొచ్చుకునే తీరిక ఆ పూట లేదు. నీళ్లిస్తే తాగి, "పెనం మీద రొట్టె వదిలి వచ్చాను" అంటూ గబగబా దిగి వెళ్లిపోయాడు. యజమాని తిడతాడని తెలిసీ, ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలని వచ్చిన మనిషి. ఆయన చల్లగా ఉండాలి.

దేవుడి పటం ముందు దీపం పెట్టి, తమ్ముడి ప్రాణం కాపాడినందుకు దండం పెట్టుకున్నాను. చేతులు జోడించి ఉండగానే ఇంకో తలపు వచ్చింది. ఇక వాడు అక్కడ ఉండలేడు, ఇంటికి వచ్చేస్తాడు అని. నాకు ఈ లోకంలో మిగిలింది వాడొక్కడే. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు కలగలేదు. తమ్ముడు తిరిగి వచ్చి నాతో ఉంటాడా, ఉండడా అన్నదే అప్పటికి ఎంతో కాలంగా నేను దేవుణ్ని అడుగుతూ వచ్చిన ఒకే మాట.

మా ముత్తాతల నాడు పాలమూరు వైపు నుంచి వచ్చి ఈ పట్నానికి రాళ్లూ మట్టీ మోసినవాళ్లం మేము. ఆ కామాటి పనివాళ్ల పేరే ఈ గల్లీలకు పడింది. నాన్న తాపీ మేస్త్రీ. తమ్ముడు పాకే వయసులో అమ్మ పోయింది. వాణ్ని చూసుకోవాలి గనుక నన్ను బడికి పంపలేదు. పని లేని రోజుల్లో నాన్న మా గది గోడకు సున్నం పూసి, తడి ఆరకముందే నా వేలు పట్టి అక్షరాలు దిద్దించేవాడు. నేను తప్పు రాస్తే మళ్లీ పూసేవాడు. పలకా బలపం లేకుండానే నాకు చదువొచ్చింది. ఆ తండ్రికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

తమ్ముడు మరాఠీ బడికి వెళ్లాడు గానీ వాడి మనసు అక్కడ నిలవలేదు. ధారావిలో దిగిన పాలమూరు కూలీల ముఠా ఒకటి కొండల్లో రోడ్డు పనికి పోతుంటే వాళ్లతో బయలుదేరాడు. కొండచరియ జారి రోడ్డు మీద పడకుండా రాతి గోడలు కట్టే పని. ఆ ముఠా పని ముగించుకుని తిరిగొచ్చింది. వాడు రాలేదు. ఆ తర్వాత వేరే ముఠాలు వెళ్లాయి, వచ్చాయి. వాడు మాత్రం కొన్ని నెలలు గోడలు కడుతూ, ఎండాకాలం అడవికి మంటలు అంటకుండా కాపలా కాసే అడవి శాఖ పనిలో ఉంటూ అక్కడే నిలిచిపోయాడు. పెళ్లి మాట ఎత్తితే నవ్వి ఊరుకునేవాడు.

"నీ తమ్ముడు ఆడ పైన్ చెట్టును మనువాడిండు వదినా" అనేది పక్కగది ఆమె. "గందుకే ఏడాదికోసారి నీకు సారె పంపుతున్నడు, గుగ్గిలం ముద్దలు."

ఆమె నాకు ఫాల్ కుట్టే చీరలు తెచ్చిపెడుతుంది. నోరు కటువు, చేయి చల్లన. మా వరండాలో నా మంచి చెడ్డ కనుక్కునే మనిషి ఆమె ఒక్కతే గనుక ఆమె ఏమన్నా నేను పడతాను.

ఆమె గుగ్గిలం అన్నది పైన్ చెట్ల బంకను. బెరడుకు గాట్లు పెట్టి, కింద చిన్న గిన్నె కట్టి తీస్తారట. ఆ బంక ఆరిన ముద్దలు వాడు పంపేవాడు. శుక్రవారం సాయంత్రం నిప్పుల మీద చిటికెడు వేస్తే, మా గల్లీ వాసనలన్నీ కాసేపు పక్కకు తప్పుకునేవి. నేను పైన్ చెట్టును చూడలేదు. ఒకసారి వాడు ఆకులు తెచ్చి చూపించాడు. ఆకులు అనడానికి లేదు, జానెడు పొడుగు సూదులు. మూడేసి సూదులు మొదట్లో దారం చుట్టి కట్టినట్టు ఉన్నాయి. నేను వాటిని పటం ముందు పెడుతుంటే వాడు నవ్వాడు.

"గవ్వే అక్కా మాకు దయ్యాలు. వాటికే మొక్కుతున్నవ్ నువ్వు."

"దయ్యాలేందిరా?"

"రాలుతయ్ గని కుళ్లవ్. ఎండినంక నిప్పు తగిల్తె గ్యాస్‌నూనె పోసినట్టె."

"మరి ఊడ్చి పారేయరాదు?"

"కొండంత చీపురు కుట్టియ్యి, ఊడుస్త."

అట్లా వచ్చినప్పుడల్లా గుమ్మంలో కూర్చుని, నాకు సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, వాడు చెప్పిన మాటల్లోంచే నాకు ఆ అడవి తెలుసు. చలికాలంలో కొండ పైనుంచి కిందికి బాట వెడల్పున సూదులన్నీ ఊడ్చి నేల తేలేలా చేస్తారు. మంట వచ్చినా ఆ గీత దగ్గర ఆగిపోతుంది. నేల తడిగా ఉన్న రోజులు చూసి, అధికారులు దగ్గరుండగా, రాలిన సూదుల్ని వాళ్లే కొంచెం కొంచెంగా కాలుస్తారు. తడి మీద పెట్టిన మంట చీమలా పాకుతుందట, కాలితో తొక్కితే ఆరుతుందట. అట్లా చలికాలంలో కాస్త కాల్చుకుంటే ఎండాకాలంలో కొండ మిగులుతుంది. ఇదంతా చలికాలపు వాన మీద ఆధారపడిన పని. సంక్రాంతి దాటాక అక్కడ ముసురు పట్టేదట, పై శిఖరాల మీద మంచు పడి మెల్లగా కరిగి లోపలికి ఇంకేదట.

తర్వాత తర్వాత వాడి మాట మారింది. ముసురు ఒక ఏడు వస్తే రెండేళ్లు రావడం లేదన్నాడు. మంచు పడిన పూటే కరిగిపోతోందన్నాడు. కాపలా పని ఎండలు ముదిరాక మొదలయ్యేది, ఇప్పుడు మాఘం పోకముందే మొదలవుతోందన్నాడు.

"కాల్చనీకి తడి లేదక్కా. కాల్చకుంటె ఎండకు గదే కాలుతది. ఏం జేయాల్నో సార్లకు సమజైతలేదు, మాకు సమజైతలేదు."

పైన్ అడవికి ఎగువన బాంజ్ అనే వేరే జాతి చెట్లు ఉంటాయట. వెడల్పాకుల చెట్లు, వాటి నీడన నేల మెత్తగా, తడిగా ఉంటుంది. ఊరి ఊటలన్నీ వాటి వేళ్ల దగ్గరే పుడతాయి. మంటలు పెరిగే కొద్దీ ఆ చెట్లు తగ్గిపోయి, వాటి చోటంతా పైన్ ఆక్రమించింది. ఊటలు సన్నబడ్డాయి. అందుకని ఆ ఊరి ఆడవాళ్లు ఒక కట్టుగా ఏర్పడి, పైన్ చెట్ల మధ్య ఖాళీల్లో బాంజ్ మొక్కలు నాటడం మొదలుపెట్టారు. పశువుల కింద పరచడానికి పైన్ సూదులు ఊడ్చుకుపోయేదీ వాళ్లే. మొక్కలకు తడి అందాలంటే వాన నీరు కొండ మీద నిలవాలి. వాలుకు అడ్డంగా గుంతలు తవ్వాలి. మా వాడు ఆ పనికి దిగాడు. కూలికి మొదలుపెట్టినది, పోనుపోను కూలి లేకపోయినా చేశాడు.

"మన కామాటి పనే అక్కా. తాతలు ఈడ తవ్విండ్రు, నేను ఆడ తవ్వుతున్న. మట్టి ఒక్కటే" అనేవాడు. ఆ మొక్కల గురించి చెప్పేటప్పుడు వాడి గొంతు నేను వాణ్ని చంకనేసుకుని తిరిగిన రోజుల్లోని నా గొంతులా ఉండేది. ఎన్ని ఆకులు తొడిగాయో, దేన్ని మేక కొరికిందో కూడా చెప్పేవాడు.

కిందటేడు వచ్చినప్పుడు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాడు. అప్పుడు వాడే అన్నాడు, ఇంకొక్క ఎండాకాలం చూసుకుని వచ్చేస్తానని. నేను రెట్టించి అడగలేదు. అడిగితే మాట వెనక్కి తీసుకుంటాడేమోనని భయం. మనిషి పడుకునేంత అటక మాకు మాళా. వాడు వెళ్లాక దాని మీది పాత సామాను దింపి, కడిగి, చాప పరిచాను. పక్కగది ఆమె వచ్చి చూసి, "కొత్త కోడలొస్తున్నదా ఏంది వదినా" అంది. వస్తున్నది వాడేనని చెప్పాను. మర్నాడు వాళ్లింట్లోంచి మంచి దిండు ఒకటి తెచ్చిపెట్టింది.

ఆ చలికాలం ముంబైలో కూడా చలి లేదు. ఫోన్ చేసినప్పుడల్లా కొండ మీద వాన పడిందా అని అడిగేదాన్ని. పడలేదు. ఒక్క చినుకు పడలేదు. నేను రోజూ దీపం పెట్టి, ఎన్నడూ చూడని ఆ కొండకు వాన ఇవ్వమని వేడుకున్నాను. దేవుడికి ఏ లెక్కలు ఉంటాయో మనకు తెలియదు.

హోలీకి ముందు సాయంత్రం కాముణ్ని కాల్చడం మావాళ్ల ఆచారం. పాలమూరులో ఎట్లా చేస్తారో ఇక్కడ గల్లీలోనూ అట్లాగే చేస్తాం. విరిగిన కుర్చీలు, పిడకలు, పాత కట్టెలు కుప్పపోసి, పున్నమి చూసి వెలిగిస్తాం. మర్నాడు ఆ బూడిద ఒంటికి రాసుకుంటే ఏడాదంతా జబ్బు చేయదని నమ్మకం. పని మీద ఎక్కడికి పోయినా ముఠావాళ్లు దీన్ని వదలరు. కొండ మీదికి వెళ్లిన ముఠాలు కూడా ఏటా చేసేవి. అక్కడ వాళ్లకు పెద్దదిక్కు మా తమ్ముడే. వాళ్ల డేరాల పక్కన సన్నగా పారే వాగు ఉంది. దాని ఒడ్డున తడి ఇసుక మీద, చుట్టూ సూదులు ఊడ్పించి, వాడే దగ్గరుండి వెలిగింపజేసేవాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఏమీ కాలేదు.

వంటాయన వచ్చి వెళ్లాక వారం పైన గడిచింది. తమ్ముడి ఫోన్ మోగుతోంది, వాడు ఎత్తడం లేదు. చాల్‌లో అందరికీ తెలిసింది.

"హోలీ ఎవరు చెయ్యరు? మనోళ్లను అంటే సరిపాయెనా?" అని కింద గదుల వాళ్లు కోప్పడ్డారు. పక్కగది ఆమె నా పక్కన కూర్చుని చీరల మూట విప్పుతూ, "ఇంకెందుకు ఉంచుకుంటరు ఆడ? తరిమేస్తరు. నీకు మంచిదే ఆయె. వచ్చేస్తడు తీయ్" అంది.

నా మనసులో ఉన్నదే ఆమె నోట వచ్చింది. విని నేను సంతోషపడాలి. ఆ పూట నేను కుట్టిన ఫాల్ వంకరపోతే విప్పి మళ్లీ కుట్టాను.

చివరికి ఒక మధ్యాహ్నం వాడే ఫోన్ చేశాడు.

"అక్కా."

"చేతులెట్లున్నయ్ రా?"

"మానుతున్నయ్."

అటువైపు ఎక్కడో ఆవు మెడలో గంట వినిపించింది.

"నేనే పెట్టమన్నక్కా" అన్నాడు. "పోరగాళ్లు అడిగిండ్రు, మామా, ఈసారి పెట్టాల్నా వద్దా అని. ఏటా పెడ్తనే ఉన్నం గదరా అన్న. వాగుల నీళ్లు లేవు. గది సూసిన. కండ్లార సూసిన. సూసి గూడ, పున్నమి వచ్చింది గద, తప్పొద్దనుకున్న."

"చుట్టూ ఊడ్వలేదా?"

"ఊడ్సిన. ఎప్పటికన్న ఎక్కువనే ఊడ్సిన. కాయల సంగతి మర్సిన. పైన్ కాయలు టపటప పేలుతయని పోరగాళ్లు మంటల ఏసిండ్రు. కాయ అంటుకుంటె బంతి లెక్క దొర్లుతదక్కా. ఒకటి వాలుకు దొర్లుకుంట పోయి ఊడ్వని కాడ సూదుల్ల వడ్డది. కింద అంటుకుంటె మంట పైకి ఉరుకుతది. పచ్చి కొమ్మలతోని కొట్టినం. ఆగలె. బంక గాట్లు పెట్టిన చెట్లయితె నిలువున కాలినయ్."

"మొక్కలు?"

వాడు ముఠా సంగతి ఎత్తుకున్నాడు. ఆ మాట ఎందుకు అడిగానా అనుకున్నాను.

మర్నాడే కాంట్రాక్టర్ ముఠాను లారీ ఎక్కించి వేరే పనికి తీసుకుపోయాడట. తమ్ముణ్ని కూడా రమ్మన్నాడట. వాడు ఎక్కలేదు. ఊరంతా కూర్చున్న చోటికి తానే వెళ్లి, వెలిగించమన్నది నేను అని చెప్పాడట.

"కొట్టిండ్రా నిన్ను?"

"లేదక్కా. కొట్టుంటె బాగుండు."

ఇంటికి వస్తావా అని అడగడానికి నోరు తెరిచాను. "బొబ్బల మీద కొబ్బరినూనె రాస్తున్నవా?" అన్నాను. రాస్తున్నానని చెప్పి పెట్టేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఎండ బాగా ఎక్కిన ఒక పొద్దున, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడగొంతు, ముసలిది, ఫోన్లో మాట్లాడే అలవాటు లేనట్టు గట్టిగా అరుస్తోంది. మొక్కలు నాటే ఆడవాళ్ల కట్టుకు పెద్ద ఆవిడ. తమ్ముడి మాటల్లో ఆవిడ గురించి ఎన్నోసార్లు విన్నాను గానీ గొంతు వినడం అదే మొదటిసారి. ఆవిడ హిందీ కొండ యాసది, నాది కామాటిపుర హిందీ. ఒకరి మాట ఒకరు రెండోసారి అడిగి అర్థం చేసుకున్నాం. నన్ను 'భులీ' అని పిలిచింది. వాళ్ల భాషలో చెల్లెలు అని.

"భులీ, నీ తమ్ముడు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా గుంతలు తవ్వుతున్నాడు. మేం తవ్వమనలేదు. చేతుల మీద చర్మం ఇంకా పచ్చిగానే ఉంది, పార పట్టుకుంటే రక్తం కారుతోంది. రొట్టె పెడితే సగం తిని లేస్తున్నాడు."

"ఎక్కడ తింటున్నాడు దీదీ?"

"ఎక్కడేమిటి, మా ఇంట్లో. డేరాలు ఎత్తేశారు కదా."

అప్పుడు నాకు వంటాయన తర్వాత దారిలో కనబడినప్పుడు చెప్పిన సంగతి ఒకటి తట్టింది. ఆ మంటలో ఒక ముసలావిడ చెట్టు చుట్టూ కట్టుకున్న గడ్డివాము మొత్తం కాలిపోయిందని, ఆవు ఏం తింటుందోనని ఊరివాళ్లు అనుకుంటున్నారని.

"ఆ గడ్డివాము ఎవరిది దీదీ?" అని అడిగాను.

"నాదే" అంది. పక్కింటి పేరు చెప్పినంత మామూలుగా అంది. "అది వదిలెయ్. నేను ఫోన్ చేసింది వేరే మాటకు. వాడు నీ మాట వింటాడు. నువ్వు ఒంటరిదానివని, నీకోసం వెళ్లాలని అనుకున్నాడని నాకు తెలుసు. ఇప్పుడు సిగ్గుతో అటూ పోలేడు, ఇటూ ఉండలేడు. నువ్వు రమ్మను. నేనే బస్సెక్కిస్తాను. పారిపోయాడని ఊళ్లో ఎవరూ అనకుండా నేను చూసుకుంటాను. చెప్పు, పంపనా?"

ఎన్నేళ్లుగానో నేను దేవుణ్ని అడిగిన మాట. ఇంత దూరం నుంచి, ఇంత గట్టిగా అరుస్తూ, ఒక ముసలావిడ నా చేతికిచ్చింది.

"పంపితే మీకెట్లా దీదీ?"

"మాకేముంది. వానలు దిగేలోపు గుంతలు కావాలి. లేకపోతే కాలిన మట్టి అంతా కొట్టుకుపోతుంది, ఊటలోకి నీళ్లు దిగవు. మగవాళ్లంతా కింద పట్నాల్లో పనుల్లో ఉన్నారు. ఆడవాళ్లం తవ్వుకుంటాం. అయినంత అవుతుంది."

రేపు చెబుతానన్నాను. సరేనంది. తొందరపడమనలేదు.

ఆ పగలు నేను పొయ్యి వెలిగించలేదు. మాళా మీది చాప దులిపి మళ్లీ పరిచాను. పటం ముందు కూర్చున్నాను. రమ్మని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు, వాడు రెండు రోజుల్లో ఈ గుమ్మంలో ఉంటాడు. ఆ గుమ్మంలో వాణ్ని ఊహించుకోవాలని చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, మెట్ల వైపు చూస్తూ, నేను పలకరిస్తే ఊఁ అంటూ కూర్చున్న మనిషే కనిపించాడు.

వాడి చిన్నప్పటి రోజు ఒకటి గుర్తుకొచ్చింది. మెట్ల మీద పరుగెత్తుతూ, ఒక పెద్దావిడ నింపి పెట్టుకున్న బిందెను తన్నేశాడు. అప్పటికి కుళాయి ఆగిపోయింది, మళ్లీ సాయంత్రమే వస్తుంది. ఆవిడ పోనీలే అంది. వాడు వినలేదు. ఆ ఖాళీ బిందె పట్టుకుని కుళాయి దగ్గరే కూర్చున్నాడు. నేను అన్నం కలిపి తీసుకెళ్లినా తినలేదు. ఈడ్చుకుపోదామని చేయి పట్టి లాగితే బిందెను కరుచుకున్నాడు. నీళ్లు వచ్చాక నింపి, సగం ఒలకబోసుకుంటూ, ఆవిడ గుమ్మంలో పెట్టి అప్పుడు ఇంటికొచ్చాడు. వచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు పొద్దున పూజ ముగించుకుని ఆవిడకు ఫోన్ చేశాను.

"ఉండనీ దీదీ" అన్నాను.

"బాగా ఆలోచించుకున్నావా భులీ?"

"ఆలోచించాను. గుంతలు కానీ, మొక్కలు మళ్లీ పెట్టనీ. మీరు ఒక్కటి చెయ్యండి. తినకపోతే అక్క తిడుతోందని చెప్పండి."

"నీ పేరెందుకు, నేనే తిడతాను" అంది. "తిట్టడం నాకు బాగా వచ్చు."

పక్కగది ఆమె వరండాలోంచి అంతా వింది. లోపలికి వచ్చి, "పిచ్చిదానివి వదినా నువ్వు. నోటికాడి ముద్ద తీసి కొండ మీద పారేస్తివి" అంది. అని, నా పొయ్యి దగ్గర తానే కూర్చుని టీ పెట్టింది. ఇద్దరం గుమ్మంలో కూర్చుని తాగాం.

తమ్ముడు ఆ సాయంత్రం చేశాడు.

"నన్ను రమ్మనలేదటగద అక్కా."

"అవును."

"కోపమొచ్చిందా నా మీద?"

"కోపం లేదురా. గుంతలు లోతుగ తీయి. నాన్న పేరు చెడగొట్టకు."

వాడు నవ్వాడు. తర్వాత వాడు మంటల కాపలా గురించి మాట్లాడాడు. ఎండలు ఇంకా ఉన్నాయి, కాలని కొండలు ఇంకా చాలా ఉన్నాయి. నేను ఊఁ కొడుతూ విన్నాను.

వానలు దిగాక కబురు వచ్చింది. తవ్విన గుంతల్లో నీళ్లు నిలిచాయి. అన్నీ నిలవలేదు, పై వరస కొట్టుకుపోయింది. పైన్ చెట్లలో దళసరి బెరడువి మసిబారినా బతికాయి, గాట్లు పడినవి కూలిపోయాయి. కాలిపోయాయనుకున్న బాంజ్ మొక్కల్లో కొన్ని మొదట్లోంచి మళ్లీ చిగురు పెట్టాయట. వాడు వాటిని లెక్కపెట్టి చెబుతుంటే నేను అడ్డు రాలేదు. ఇప్పుడు అక్కడ తడి మంటలకు తేదీ పెట్టుకోవడం లేదట. చలికాలంలో ఏ పూట నాలుగు చినుకులు పడితే ఆ పూటే మనుషుల్ని పిలిచి కాలుస్తారు, చినుకు పడకపోతే ఆ ఏడు అసలు కాల్చకుండా ఊడ్చి ఎత్తిపోస్తారు. గుడారాల్లో ఉండే కూలీలకు పండగ మంటలు లేవు. ఆ సంగతి కొత్తగా వచ్చిన ముఠాకు చెప్పే పని వాడిదే.

మొక్కలు నిలదొక్కుకునేదాకా ఉంటానన్నాడు. చెట్టు నిలదొక్కుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో నేను అడగలేదు. మాళా మీది చాప చుట్టి మూలకు పెట్టాను. సాయంత్రాలు వరండా ఖాళీ అయ్యాక ఫాల్ కుట్టుకుంటూ కూర్చుంటాను. ఈమధ్య సూదిలో దారం ఎక్కడం లేదు. రెండు మూడుసార్లు చూసి, అటు పోయే పిల్లలెవరినైనా పిలుస్తాను. వాళ్లు మరాఠీలో ఏదో అని, దారం ఎక్కించి, పరుగెడతారు. గది నిండా ఉన్న నిశ్శబ్దాన్ని కూడా దేవుడు ఇచ్చినదే అనుకుని తీసుకుంటున్నాను. అన్ని రోజులూ తీసుకోలేకపోతున్నాను, అది కూడా ఆయనకే చెప్పుకుంటాను.

తమ్ముడి కోసం నేను రోజూ ప్రార్థిస్తాను, వాడికి నేను చాలు. చదివిన మిమ్మల్ని నేను అడిగేది ఇంకొకరి గురించి. ఆ కొండ మీద ఒక ముసలావిడ ఉంది. ఆవిడ పేరు నాకు ఈనాటికీ తెలియదు, దీదీ అనే పిలుస్తాను. మావాళ్ల మంటలో ఆవిడ ఆవుకు దాచిన మేత బూడిదైపోయింది. ఆ ఎండలన్నీ దూరపు కొండ దాకా నడిచి, తల మీద గడ్డి మోసుకొచ్చి ఆవుకు వేసి, ఆ తర్వాత పొయ్యి వెలిగించి, మంట పెట్టించిన మనిషికి రొట్టె కాల్చి పెట్టింది. అతని చేతులు తనకు ఎంత అవసరమో తెలిసీ, ఎక్కడో పట్నంలో ఒంటరిగా ఉన్న ఒక తెలియని ఆడమనిషికి ఫోన్ చేసి, పంపనా అని అడిగింది. అడగకపోయినా ఆవిడను ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మీరు ఏ దేవుడికి దండం పెట్టుకున్నా, ఒక్క క్షణం ఆవిడను తలచుకోండి.